మోటారు పందెముల బొమ్మలో నిజమెంత?

2025 జూన్ మాసమున విడుదలయైన ‘ఎఫ్ 1’ అను ఆంగ్ల చలనచిత్రమును గూర్చి ఈ నెల వ్రాయనెంచితిమి. మోటారు పందెములకును గృహిణులకును సంబంధమేమని సోదరీమణులు నవ్వవచ్చును. కాని అట్టి బొమ్మలు చూచి వచ్చిన మా ఆకివీటి బాలురు తండ్రుల మోటారు సైకిళ్ళను కాలువగట్టు బాటలపై ఆ రీతిగానే ఒరగించి త్రిప్పుచుండ సంబంధము లేదని మేమెట్లందుము? ఆ బాటలకు ఒకప్రక్క కాలువ, రెండవప్రక్క చేపలచెరువు. ఎదుట మంచుగడ్డలు నింపుకొని వచ్చు చేపల లారీ. కావున ఆ బొమ్మలో నిజమెంత, కల్పన యెంత యని కొంత విచారించితిమి.

కథ స్వల్పమే. సోనీ హేస్ అను పందెగాడు 1993లో ఘోరప్రమాదమునకు లోనై ఆ క్రీడను విడుచును. ముప్పది యేండ్లకు పిదప పాత మిత్రుడొకడు పిలువగా, ఓడిపోవుచున్న జట్టులో చేరి, గర్వియైన యొక యువకునితో మొదట కలహించి, పిదప కలిసి పనిచేసి, కడపటి పందెమును గెలుచును.

మెచ్చవలసినదానిని ముందు మెత్తుము. నటులు బ్రాడ్ పిట్, డామ్సన్ ఇద్రిస్ నెలల తరబడి సాధనచేసి బండ్లను తామే నడిపిరి. అవి ఫార్ములా 2 తరగతి కార్లకు మెర్సిడెస్ వారు మార్పులు చేసినవి. నిజమైన పందెములు జరుగు దినములలోనే, నిజమైన జనసమూహము నడుమ చాల భాగము చిత్రించిరి. ఏడుమారులు జగజ్జేతయైన లూయిస్ హామిల్టన్ నిర్మాతలలో నొకడు. మలుపు తిరుగునప్పుడు మెడ ప్రక్కకు లాగబడుట, బాట కన్నులలోనికి దూసికొనివచ్చుట మున్నగునవి ఇంత సత్యముగా మేమెచ్చటను చూడలేదు. సోనీకి జరిగిన ప్రమాదము సైతము వట్టి కల్పన గాదు. 1990లో స్పెయిను దేశమున హెరెజ్ పట్టణమునందు మార్టిన్ డొనెల్లీకి సంభవించినదే దానికి మాతృక.

నటులు బండి నడుపుట మనకు వింతయు గాదు. సికిందరాబాదున జన్మించి, 1993లో ‘ప్రేమ పుస్తకం’ అను తెలుగు బొమ్మలో నాయకుడైన అజిత్ కుమార్, పిదప అరవ చిత్రములలో ప్రసిద్ధుడయ్యెను గదా. ఆయన 2025 జనవరిలో దుబాయి 24 గంటల పందెమునకు సాధన చేయుచుండగా కారు గోడను ఢీకొని గిరగిర తిరిగినది. అదృష్టవశమున గాయములు తగులలేదు. ఆయన జట్టు తన తరగతిలో మూడవ స్థానము పొందినది. అచ్చట ‘మరల తీయుడు’ అనుటకు దర్శకుడు లేడు.

ఇక కల్పన. విడిచిన ముప్పది యేండ్లకు వచ్చి గెలుచుట! లూకా బడోయెర్ అను ఇటలీవాడు పదియేండ్లు పందెములకు దూరమైనను ఫెరారీ జట్టుకు పరీక్షాచోదకుడుగా నుండెను. 2009లో వాలెన్సియాలో పందెమునకు దింపగా చిట్టచివర నిలిచెను. తరువాతి పందెమున బెల్జియములోను అంతే. అనుభవమునకు లోటులేదు, అభ్యాసమునకే లోటు. పైగా నేడు ఫార్ములా 1లో నడుపుటకు చిన్నతరగతుల పందెములందు ఇటీవలి మూడేండ్లలో 40 పాయింట్లు సంపాదించి అనుజ్ఞాపత్రము పొందవలయును.

వయస్సు మాట క్షమింతుము. కథకు అదియే ప్రాణము. మేము క్షమింపలేనిది వేఱొకటి. హంగరీ పందెమున నాయకుడు కావలెననియే ఇతరుల బండ్లను రాచి, తన కారు ముక్కలను బాటపై రాల్చును. అట్లు రాలినప్పుడు అందఱిని నెమ్మదిగా నడిపించుటకు సేఫ్టీకారు వచ్చును. ఆ సందున తన జట్టువానికి లాభము చేకూరును. చూచువారికి అది చాతుర్యముగా దోచును. నిజముగా నేమి జరిగినది? 2008లో సింగపూరున రెనో జట్టువాడు నెల్సన్ పికే జూనియర్, పెద్దల యాజ్ఞచే, కావలెనని గోడకు గొట్టుకొనెను. తోడివాడు అలోన్సో గెలిచెను. మరుసటి యేట గుట్టు బయటపడగా జట్టు నాయకుడు బ్రియాటోరే క్రీడనుండి బహిష్కరింపబడెను. ఆ బహిష్కారమును 2010లో ఫ్రెంచి న్యాయస్థానము కొట్టివైచిన మాట నిజమే గాని, ఆ మచ్చ మాత్రము పోలేదు.

అంత దూరమేల? 2023 ఫిబ్రవరి 11న మన హైదరాబాదులో హుస్సేన్‌సాగరు తీరమున విద్యుత్కార్ల పందెము జరిగినది. బాట చుట్టు సుమారు 2.8 కిలోమీటర్లు. అందు జాగ్వార్ జట్టు బండ్లు రెండును ఒకదానినొకటి ఢీకొని రెండును ఆగిపోయినవి. బొమ్మలోనైన జట్టువారు పోట్లాడి తుదకు కౌగిలించుకొందురు. ఇచ్చట మిగిలినది శూన్యము. సెబాస్టియన్ బ్యూమీ మూడవవాడుగా గీత దాటెను. పరిమితికి మించిన శక్తిని వాడెనని తేలగా 17 సెకండ్ల దండన పడి, ఎక్కడో వెనుకకు జారిపోయెను. గెలిచిన వెర్న్యే మిగిలిన శక్తిని పొదుపుగా వాడుకొని, వెన్నంటి వచ్చువానిని నిలువరించెను. అడుగంటిన బియ్యపుడబ్బాతో నెలాఖరు గడుపు ఇల్లాలికి ఆ విద్య సులభముగా బోధపడును. మరుసటి యేడు జరుగవలసిన పందెము రద్దయినది. అది మఱొకమారు జరిగియున్న బాగుండెడిది; నియమమనునది కంటికి కనబడు చోటులు బాలురకు స్వల్పము.

బొమ్మలో యువకుని బండి మంటలలో చిక్కుకొనును. 2020లో బహ్రెయినున రొమైన్ గ్రోజాన్ కారు ఇనుపకంచెను చీల్చుకొని మండిపోగా, సుమారు 28 సెకండ్లలో ఆతడు బయటపడెను. తలపైని ‘హేలో’ అను లోహపు కమాను, నిప్పంటని వస్త్రములు, వెనువెంటనే వచ్చిన వైద్యుని కారు ఇవియే ఆతని ప్రాణమును నిలిపినవి. ఆ కమానును నిర్బంధము చేసినది 2018లో. 1994లో ఇమోలాలో వరుసగా రెండు దినములలో రాట్జెన్‌బర్గరు, సెన్నా మరణించిన పిదప ఎన్నియో మార్పులు జరిగి, అంతవఱకు వచ్చినది. మన గట్టుబాటపై శిరస్త్రాణము సైతము హ్యాండిలుకు వ్రేలాడుచుండును.

నలోపాఖ్యానమున బాహుకుడు రథము తోలునప్పుడు ఋతుపర్ణుని ఉత్తరీయము జాఱిపడును. ఆపుమని రాజు పలుకుసరికి అది యోజనము వెనుకబడినది. పందెపు బొమ్మలన్నియు ఇంతవఱకే చూపును. కాని ఋతుపర్ణునికడ నున్నది లెక్కల విద్య. చెట్టుపైని ఆకులను, కాయలను చూచినంతనే లెక్కించి చెప్పెను. నలుడు తన అశ్వహృదయమునిచ్చి ఆ అక్షహృదయమును గ్రహించెను. నేటి పందెములును ఈ రెండు విద్యలతోనే నడచుచున్నవి. టైర్లెప్పుడు మార్పవలెనో, ఎప్పుడు మార్పరాదో గణించువారు లేక చోదకుడొక్కడేమి చేయగలడు?

ఇందే స్త్రీల ప్రసక్తి వచ్చుచున్నది. చిత్రమున కేట్ అను స్త్రీ జట్టు సాంకేతికవర్గమునకు అధిపతి. ఆమెను చూచి సంతసించునంతలో, నాయకునితో ప్రేమలో పడక తప్పినది కాదు! చక్రములు బిగించు బాలికయో, తొందరలో పొరపాటు చేయుటకే కథలోనికి వచ్చినట్లున్నది. రథచక్రపు చీల యూడగా తన వ్రేలినే చీలగా నిలిపి దశరథుని కాపాడిన కైకేయి కథ విని పెరిగిన మనకు ఇది రుచించునా? వాస్తవమున లెల్లా లొంబార్డీ 1975లో స్పెయిను పందెమున ఆఱవదై అర పాయింటు పొందినది. 2025లో లౌరా మ్యూలర్ హాస్ జట్టున చోదకుని ఇంజనీరుగా నియమింపబడినది. ఫార్ములా 1లో ఆ పదవి పొందిన స్త్రీలలో ఆమెయే ప్రథమురాలు. హానా స్మిట్జ్ రెడ్‌బుల్ జట్టునకు లెక్కలు కట్టు ఇంజనీరు. 2019లో బ్రెజిలున ఆమె గణించిన యుక్తిచే వెర్‌స్టాపెన్ గెలువగా, బహుమతి పీఠముపై ఆతని ప్రక్క నిలిచినది ఆమెయే. ఆమె కథను ఎవరైన బొమ్మగా తీసినచో, భీమవరములో మొదటి యాటకే పోయి చూతుము.