వేసవి చికిత్స ఇంటి కప్పు నుండి మొదలు కావలెను

గ్రీష్మ ఋతువు రాగానే అందరును మజ్జిగ, సబ్జా గింజలు, వట్టివేళ్ళు వేసిన నీరు గుర్తు చేసుకొందురు. అన్నియు మంచివే. కాని పడకగది కప్పు అర్ధరాత్రి దాటువరకు సెగ క్రక్కుచుండగా, పగలు త్రాగిన చలువ పానీయము ఎంతసేపు నిలుచును?

చరకసంహిత సూత్రస్థానము ఆరవ అధ్యాయములో గ్రీష్మచర్య చెప్పుచు, పగలు చల్లని గృహమునందు, రాత్రి వెన్నెలకు చల్లబడిన మేడపైన నిద్రించవలెనని విధించిరి. ఇతర ఋతువులలో పగటినిద్ర కూడదన్న శాస్త్రమే వేసవికి దానిని అనుమతించినది. నేటి కాంక్రీటు డాబా ఈ రెండింటిని వమ్ము చేయుచున్నది. నాలుగైదు అంగుళముల శ్లాబు పగలంతయు ఎండను పీల్చి, ప్రొద్దు గూకినది మొదలు క్రింది గదిలోనికి దింపును. పైన పక్క వేసుకొందమన్నను నేల కాలుచునే యుండును. జాగరణము వాతమును పెంచును. వృద్ధులకు, పసిపిల్లలకు ఇది కేవలము అసౌకర్యము కాదు, ప్రాణసంకటము. 2015 వేసవిలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా ఎండల తీవ్రతకు మరణించిరి. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమును ప్రకటించుటకు కారణము ఈ వేడియే.

రాయలసీమ మట్టి మిద్దెలో పండుకొన్నవారికి ఈ బాధ తెలియదు. దూలములపై పరచిన మందపాటి చవుడు మట్టి వేడిని లోనికి రానీయదు. వానకారు సేవ భరించలేక మనము కాంక్రీటుకు మారితిమి, తప్పు లేదు. మట్టి చేసిన పనిని మరియొకదానిచేత చేయించకపోవుటయే లోపము.

క్రొత్త ఇల్లు కట్టువారు చలువరాళ్ళకు లక్షలు పోసి, కప్పు మాట వచ్చేసరికి లెక్కలు చూచుకొనుట విచిత్రము. శ్లాబు వేసి, మడులు కట్టి తడిపిన పిమ్మట, నీరు దిగని పూత వేయించి, దానిపై రెండంగుళముల ఎక్స్‌పీఎస్ నురుగు పలకలు పరపించవలెను. కాంక్రీటు ఈ పలకల కంటె సుమారు నలుబది రెట్లు సులువుగా వేడిని పోనిచ్చును. పలకలపై పది అడుగులకు అంగుళమునకు తగ్గని వాలుతో కాంక్రీటు పోసి, తెల్లని పెంకులు అతికించవలెను. పలకలు దొరకనిచోట ఇటుక ముక్కలు, సున్నము కలిపి మందముగా దిమ్మిస కొట్టించుట పాత పద్ధతి. అంత ఫలము లేకున్నను మేలే.

గదిలో ఫాల్స్ సీలింగు వేయించిన చాలునను మాటను నేనంగీకరింపను. దానివలన గదికి కొంత ఊరట కలుగవచ్చును గాని శ్లాబు మాత్రము ఎండకు సాగి, రాత్రి ముడుచుకొని, బీటలు వారును. గొడుగు నెత్తిపైన పట్టవలె గాని గడ్డము క్రింద కాదు గదా!

పైన మరియొక అంతస్తు లేపుదుమని ఇనుప చువ్వలు వదలినవారు ఈ ఖర్చుకు వెనుకాడుదురు. ఆ అంతస్తు ఎప్పటికో లేచును. అంతవరకు ఏటేటా ఉగాదికి ముందు డాబా కడిగించి రెండు పూతలు సున్నము వేయించుకొనవలెను. దుమ్ము పట్టిన తెలుపు ఎండను త్రిప్పికొట్టదు.