తీగచుట్టకు వజ్రం కనపడదు!

తొలకరి చినుకు పడితే చాలు... కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర చేలల్లో జనం నేలనే చూస్తూ నడుస్తుంటారు. వానకు పైమట్టి కొట్టుకుపోయి ఎక్కడైనా వజ్రం తళుక్కుమంటుందేమోనని ఆశ. ఆశ ఉన్నచోటికి యంత్రాలూ వస్తాయి. కర్రకు కట్టిన కాయిల్, చెవికి హెడ్‌ఫోన్! దాంతో వజ్రం దొరుకుతుందా? అప్పుచేసి కొనేముందు, అలాంటిది ఒకటి ఇంట్లోనే చేసి చూడండి.

బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపులో సన్నటి ఎనామిల్ రాగితీగ దొరుకుతుంది. 20 సెంటీమీటర్ల వెడల్పు గిన్నె చుట్టూ 19 చుట్లు చుట్టి, తీసి, టేపుతో కదలకుండా బిగించాలి. బీసీ 547 ట్రాన్సిస్టరు, సిరీస్‌లో రెండు 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్లు, కొన్ని రెసిస్టర్లు, 9 వోల్టుల బ్యాటరీ... వీటితో ‘కాల్‌పిట్స్ ఆసిలేటర్’ కట్టాలి. ఇంటర్, డిప్లొమా విద్యార్థులకు తెలిసిన సర్క్యూటే.

అది సుమారు 180 కిలోహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. దానికి అయిదు రెట్లు 900. మీడియం వేవ్ శ్రోతలకు అది కడప ఆకాశవాణి అంకె! పక్కనే రేడియోలో ఆ స్టేషను పెడితే రెండు తరంగాలూ కలిసి సన్నటి ఈల వినిపిస్తుంది. రాకపోతే చిన్న ట్రిమ్మర్ కెపాసిటర్ జోడించి సరిచేసుకోవాలి, లేదా గట్టిగా పలికే మరో స్టేషను పట్టాలి. కాయిల్ దగ్గరికి లోహం వస్తే అందులో సుడి విద్యుత్ ప్రవాహాలు పుడతాయి. ఫ్రీక్వెన్సీ కాస్త జరుగుతుంది, ఈల స్వరం మారుతుంది. కిటుకంతా ఇదే.

ఇప్పుడు పరీక్ష. చెక్కబల్ల మీద, ఇనుప మంచానికీ బీరువాకూ దూరంగా పెట్టండి. ఇత్తడి చెంబు, పది రూపాయల నాణెం, తాళంచెవులు... ఒక్కోటీ ఎంత దూరంలో ఉండగా ఈల మారిందో రాసుకోండి. తర్వాత గాజుముక్క, పలుగురాయి పెట్టండి. ఈల మారదు. వజ్రమూ అంతే! అది విద్యుత్తును పారనివ్వదు, అయస్కాంతానికి స్పందించదు. కాయిల్‌కు అది మామూలు రాయే. పైగా ఇనుము కలిసిన ఎర్రనేల మీద ఏమీ లేకున్నా ఈల మారొచ్చు.

పరీక్షించే చోటు ఎంత ముఖ్యమో గ్రాహంబెల్‌ను చూస్తే తెలుస్తుంది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ ఒంట్లో దిగిన తూటాను వెతకడానికి బెల్ ఇలాంటి కాయిల్ పరికరమే తయారుచేశాడు. ముందు చేసిన పరీక్షల్లో బాగా పనిచేసింది. తీరా అధ్యక్షుడి దగ్గర తూటా చిక్కలేదు. పరుపులోని ఉక్కు స్ప్రింగులు దాన్ని తికమకపెట్టాయి. డాక్టర్లు వెతకనిచ్చింది కూడా తూటా లేని వైపే!

ఇంకోమాట. 2017 డిసెంబరులో తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో ప్రభుత్వ అనుమతితోనే నిధి కోసం తవ్వారు. ఎవరికి వారు పలుగు పట్టుకుని బయల్దేరితే మాత్రం చట్టం ఊరుకోదు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం నేలలో దాచిన, పది రూపాయలకు మించిన విలువైనది ఏది దొరికినా కలెక్టరుకు తెలపాలి.

కాబట్టి వజ్రాన్ని చూపించే యంత్రమని ఎవరైనా వస్తే పెద్ద ప్రశ్నలేమీ వద్దు. మట్టి తట్టలో ఓ పలుగురాయి దాచి, ‘ఏదీ, ఇది పట్టు చూద్దాం’ అనండి!