జోషాందాకూ మదనపల్లె లెక్క

2020 జనవరి 29న కేంద్ర ఆయుష్ శాఖ ఒక సలహా పత్రం వదిలింది. కరోనాకు హోమియో మాత్రలు నివారణగా, యునానీ మందులు ఉపశమనంగా పనికొస్తాయన్నది దాని సారాంశం. దేశంలో తొలి కేసు బయటపడింది ఆ మర్నాడు! ఒక్క రోగి కూడా లేని దేశంలో ఆ మందులను ఎవరి మీద పరీక్షించినట్టు?

ఎగతాళి చేసినవాళ్లూ పరీక్ష అడగలేదు. యునానీ అంటే అరబ్బుల వైద్యం, అదంతా మూఢనమ్మకమని ఒక్క మాటతో కొట్టేశారు. రెండు పక్షాలకూ లెక్క అక్కర్లేకపోయింది.

లెక్క ఎలా ఉంటుందో మదనపల్లెకు తెలుసు. 1950ల్లో అక్కడి ఆరోగ్యవరం క్షయ శానటోరియం వైద్యులు చుట్టుపక్కల పల్లెల్లో కొందరికి బీసీజీ టీకా వేశారు, కొందరికి వేయకుండా ఉంచారు. ఏళ్ల తరబడి గమనించి 1973లో ఫలితం ప్రచురించారు. టీకా వేసిన 5,069 మందిలో 33 మందికి క్షయ వచ్చింది. వేయని 5,808 మందిలో 47 మందికి. అంటే తగ్గింది దాదాపు ఐదో వంతే. ఊరేగింపు చేసుకునేంత ఫలితం కాదు. అయినా దాచలేదు.

33, 47. జోషాందా అనే యునానీ కషాయానికి ఇలాంటి రెండంకెలు చూపమంటే ఆయుష్ శాఖ ఏం చూపుతుంది?

కషాయంలో ఏమీ లేదని కాదు. అందులో వేసే బిహిదానా గింజలు నీళ్లలో వేస్తే జిగురు ఊరుతుంది, మంటెత్తిన గొంతుకు అది హాయే. సపిస్తాన్ అంటే మన నక్కెర కాయ, అదీ జిగురే. కానీ గొంతు నిమ్మళించడం వేరు, వైరస్ చావడం వేరు. పుంగనూరులో డెంగీకి కషాయం తాగి, జ్వరం దిగిందని దాని మీదే ఉండిపోయిన మనిషికి అసలు గండం ఆ తర్వాతే. రక్తనాళాల నుంచి ద్రవం కారేది జ్వరం దిగే రోజుల్లోనే. కషాయాల్లో వేసే అతిమధురం వారాల తరబడి తాగితే పొటాషియం పడిపోయి బీపీ పెరుగుతుంది. మూలికే కదా, నష్టమేముందనేవాళ్లు ఇది చదవాలి.

పరీక్ష సాధ్యం కాదన్న సాకూ చెల్లదు. సౌదీలో 173 మంది కరోనా రోగుల్లో సగం మందికి కలోంజీ నూనె ఇచ్చి చూశారు. రెండు వారాల్లో కోలుకున్నవారు నూనె తీసుకున్న వర్గంలో 62 శాతం, తీసుకోని వర్గంలో 36 శాతం. ఉత్తుత్తి మందుతో పోల్చలేదు కాబట్టి అదే ఆఖరి మాట కాదు. అయినా లెక్కంటూ ఒకటి మొదలైంది.

ఇక్కడ పరీక్ష లేకుండా గడిచిపోవడానికి చట్టమే అండ. పాత గ్రంథంలో ఉన్న యోగమైతే ఔషధ నియమావళిలోని 158-బి నిబంధన కింద లైసెన్సుకు భద్రతా పరీక్ష అక్కర్లేదు, గుణానికి గ్రంథమే సాక్ష్యం. డెంగీ, కరోనా పేర్లు ఏ హకీము గ్రంథంలో ఉన్నాయో అధికారులే చెప్పాలి.

కర్నూలులో యునానీ కళాశాల ఉంది, కుప్పంలో వైద్య కళాశాల ఉంది, వానాకాలం వస్తే జ్వరాలకు కొదవ లేదు. ఆ కళాశాలలకు నిధులిచ్చి ఆ రెండంకెలు తెప్పించండి. అవి వచ్చేదాకా కషాయాల మీద ప్రభుత్వ ముద్ర వేయడం ఆపండి.