వారసత్వం అందరి ఉమ్మడి ఆస్తి

జేబులోంచి రూపాయి బిళ్ల తీసి చూడండి. దాని మీది సింహాలు, బుద్ధుడు తొలిసారి ధర్మం బోధించిన సారనాథ్‌లో అశోకుడు నిలిపిన స్తంభానివి. వాటి కింది నినాదం ముండకోపనిషత్తుది. 1950 జనవరి 26న కొత్త గణతంత్రం తన ముద్రను ఎంచుకున్నప్పుడు బౌద్ధ శిల్పాన్నీ, వేదాంత వాక్యాన్నీ పక్కపక్కనే పెట్టింది. ఆ పొందిక మన నేలకు కొత్తేమీ కాదు. మూడో శతాబ్దిలో విజయపురి ఏలిన ఇక్ష్వాకు శాంతమూలుడు అశ్వమేధం చేశాడు. ఆయన సోదరి శాంతిశ్రీ బౌద్ధ మహాచైత్యం కట్టించింది. ఆమె దానం సంగతి అక్కడి ఆయక స్తంభాల మీద ప్రాకృతంలో చెక్కి ఉంది. అదే ఊళ్లో కార్తికేయుడికీ, అష్టభుజస్వామికీ గుళ్లుండేవి. నాగార్జునసాగర్ ఆనకట్టతో ఆ ఊరున్న లోయ మునిగిపోతుందని తెలిసి, 1954 నుంచి ఏళ్ల తరబడి తవ్వి, ముఖ్యమైన కట్టడాలను ఎత్తయిన కొండ మీదికి చేర్చారు. ఇది బౌద్ధులదా, వైదికులదా అని ఎవరూ లెక్కలు వేసుకోలేదు. జాతి నిర్మాణంలో మతానికి నిజమైన పాత్ర ఇదే: శిల్పం, విలువ, దానగుణం ఇవ్వడం. అంతేగానీ దేశానికి హక్కుదారునని పత్రాలు రాయించుకోవడం కాదు. నేడు వారసత్వం పేరుతో కొన్ని ఆనవాళ్లకే పూజలు, కొన్నింటికి పిచ్చిమొక్కలు దక్కుతున్నాయి. గుడైనా, స్తూపమైనా, దర్గా అయినా, చర్చి అయినా కాపాడాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే. ఆ మాట ఓటు అడగడానికి వచ్చినవాళ్లకు గట్టిగా గుర్తుచేయాల్సింది మనమే.