అట్టపెట్టెకి ఉన్న విలువ కవరుకి లేదు

పలాసలో జీడిపిక్కల తొక్కని ఎవరూ ఊరికే పారేయరు. దాన్లోంచి తీసే నూనె రంగుల్లో, బ్రేకుల తయారీలో వాడతారు కాబట్టి కొనేవాళ్ళున్నారు.

ఆన్‌లైన్ పార్సిళ్ళదీ ఇదే లెక్క. అట్టపెట్టెని మడిచి దాస్తాం, పాత పేపర్లతో పాటు తూకానికి వేస్తాం. ప్లాస్టిక్ కవరు మాత్రం చెత్తలోకో, మంటలోకో పోతుంది. నిజానికి అదీ రీసైకిల్ అయ్యే ప్లాస్టిక్కే. కానీ పది కవర్లు పోగేసినా తూకానికి రావు. పైగా వాటి మీద మన పేరు, అడ్రసు ఉంటాయి కదా, కాల్చేస్తేనే నయం అనుకునేవాళ్ళూ ఉన్నారు.

అందుకే "జనానికి అవగాహన లేదు" అంటే నేను ఒప్పుకోను. లేనిది అవగాహన కాదు, తిరిగి తీసుకునే చెయ్యి. ప్లాస్టిక్ ప్యాకింగ్ బాధ్యత కంపెనీలదేనని 2022లో కేంద్రం నిబంధనలు పెట్టింది. మరి ఉద్దానం ఊళ్ళకి పార్సిల్ తెచ్చే బండే పాత కవర్లు తీసుకెళ్ళి, యాప్‌లో రెండు రూపాయలు జమ చేస్తే? ఆ కోడ్ రాయడం మనకి పెద్ద పనేం కాదు.

అది వచ్చేదాకా స్టిక్కర్ చింపేసి, కవర్లని హాస్టల్లో ఒకేచోట పోగేద్దాం. ఒక్క గదివి తూగవు, హాస్టల్ మొత్తానివి తూగుతాయి. ఏమంటారు?