చిన్న గదిలో పెద్ద తెర, వినపడాల్సింది మాట

ఉగాది వేడుకల్లోనో, ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతం భోజనాల దగ్గరో, నేను కంప్యూటర్ల మనిషినని తెలియగానే అడిగే ప్రశ్నలు రెండు. ఏ ల్యాప్‌టాప్ కొనమంటారు? ఏ హోమ్ థియేటర్ మంచిది? మొదటి ప్రశ్నకి ఈ శీర్షికలో ఇదివరకే జవాబు చెప్పుకున్నాం. ఈసారి రెండోదాని సంగతి చూద్దాం. అయితే బేస్‌మెంట్‌లో వరసగా వాలుకుర్చీలు వేసి, పాప్‌కార్న్ యంత్రం పెట్టి కట్టించుకునే థియేటర్ గురించి కాదు. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల ఎత్తు ఉండే మామూలు గది గురించి. అపార్ట్‌మెంట్‌లో హాలు కావచ్చు, టౌన్‌హౌస్‌లో కింది గది కావచ్చు. చాలామంది ఇళ్లల్లో అది ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల గది కూడా.

ఆ చివరి మాట ఊరికే అనలేదు. పెద్దవాళ్లు ఆరు నెలలకని వస్తారు. మనం ఆఫీసుకి, పిల్లలు బడికి వెళ్లాక ఇంట్లో వాళ్లతో తెలుగు మాట్లాడేది ఆ టీవీ ఒక్కటే. అందులో మాట సరిగ్గా వినపడకపోతే ముందు వాల్యూమ్ పెంచుతారు. కోడలు ఫోన్ మీటింగ్‌లో ఉందనో, పక్కవాళ్లు గోడ తట్టారనో మళ్లీ తగ్గిస్తారు. కొన్నాళ్లకి "నాకెందుకులే, మీరు చూడండి" అని లేచి వెళ్లిపోతారు. మనం ఊరి మీద బెంగ అనుకుంటాం. బెంగ ఉంటే ఉండవచ్చు గానీ, సగం కారణం వినపడకపోవడమే అయి ఉండవచ్చు. అందుకే చిన్న గదికి సౌండ్ సిస్టమ్ ఎంచుకునేటప్పుడు బాంబులు ఎంత బాగా పేలుతున్నాయన్నది తరవాత చూద్దాం. మాట తేటగా వస్తోందా లేదా అన్నది మొదటి పరీక్ష.

మాట ఎందుకు వినపడదు?

కారణాలు మూడు. ఒకటి, టీవీలు పలచబడ్డాయి. వెనకటి డబ్బా టీవీకి స్పీకర్ ముందువైపు మన మొహం మీదికి ఉండేది. ఇప్పటి టీవీల్లో చాలావాటికి అది అడుగునో వెనకో ఉంటుంది. ధ్వని గోడకో బల్లకో తగిలి మన దగ్గరికి వస్తుంది.

రెండు, సినిమా ధ్వనిని పెద్ద హాలు కోసం కలుపుతారు. గుసగుసకీ గర్జనకీ మధ్య తేడా చాలా ఎక్కువగా ఉంటుంది. ఇంట్లో మాట వినపడాలని పెంచితే పాట రాగానే ఇల్లు అదిరిపోతుంది.

మూడోది వయసు. పెద్దయ్యేకొద్దీ చెవికి ముందుగా తగ్గేది సన్నని, హెచ్చు పౌనఃపున్యపు ధ్వనులు. మన తెలుగుకి దీనివల్ల ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. అచ్చుల్లో బలం ఎక్కువ, అవి చాలావరకు తక్కువ పౌనఃపున్యాల్లో ఉంటాయి. హల్లులు బలహీనం. క, చ, త, ప, స లాంటివాటిని గుర్తుపట్టించే ఆనవాళ్లు ఎక్కువగా వెయ్యి హెర్ట్జ్‌ల పైన, ముఖ్యంగా 2,000 నుంచి 4,000 దాకా, సకారానికైతే ఇంకా పైన ఉంటాయి. పాలు, కాలు, చాలు అన్న మూడు మాటలు తీసుకోండి. హల్లు జారిపోతే మూడూ "ఆలు" గానే వినపడతాయి. పెద్దవాళ్లు "ఏదో అంటున్నాడు గానీ ఏమంటున్నాడో తెలియట్లేదు" అనేది సరిగ్గా ఇదే. వాల్యూమ్ పెంచితే హల్లుతో పాటు అచ్చులూ, డప్పులూ పెరుగుతాయి. కావలసింది మోత కాదు, తేటదనం.

5.1లో అసలు పెద్దమనిషి

డాల్బీ డిజిటల్ థియేటర్లలోకి వచ్చింది 1992లో, "బ్యాట్‌మన్ రిటర్న్స్" సినిమాతో. మరుసటి ఏడాది "జురాసిక్ పార్క్"తో డీటీఎస్ వచ్చింది. 5.1 అనే మాట అలా మన ఇళ్లలోకి చేరింది. ఎడమ, మధ్య, కుడి, వెనక రెండు కలిపి ఐదు. ఆ పాయింటు ఒకటి కేవలం బేస్ కోసం. ఈ ఐదుగురిలో సినిమాలోని సంభాషణ దాదాపు అంతా మోసేది మధ్య స్పీకర్. దుకాణంలో మాత్రం జనం వెనక స్పీకర్ల గురించీ, బేస్ పెట్టె గురించీ అడుగుతారు. మధ్యదాని గురించి అడిగేవాళ్లు తక్కువ.

మధ్య స్పీకర్ లేకపోతే మాట రాదా అంటే, వస్తుంది. ఎడమ, కుడి స్పీకర్లు రెండూ ఒకే ధ్వనిని సమానంగా పలికితే అది మధ్యలోంచి వస్తున్నట్టు భ్రమ కలుగుతుంది. కానీ ఆ భ్రమ సరిగ్గా నడిమిన కూర్చున్నవాళ్లకే. సోఫా చివర్న కూర్చున్న అత్తగారికి మాట దగ్గర ఉన్న స్పీకర్ వైపుకి లాగేస్తుంది, తేటదనం తగ్గుతుంది.

పాత సినిమాలకి కూడా ఇది వర్తిస్తుంది. 1957 నాటి "మాయాబజార్" మోనో ధ్వనితో వచ్చింది. రంగులద్ది 2010లో విడుదల చేసినప్పుడు డీటీఎస్ ధ్వని జతచేశారు. పాత మోనో ప్రతిని సరౌండ్ మోడ్‌లో పెడితే, రెండు వైపులా ఒకే ధ్వని ఉంది కాబట్టి యంత్రం దాన్ని మధ్య స్పీకర్‌కే పంపుతుంది. అంటే ఘటోత్కచుడి గొంతంతా ఆ ఒక్క పెట్టెలోంచే రావాలి. అది నాసిరకమైతే మిగతా నాలుగూ ఎంత గొప్పవైనా ఒరిగేదేమీ లేదు.

వాట్ల మాయ

హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీ తెలిసినవాళ్లకి పీఎంపీవో అన్న అక్షరాలు గుర్తుండే ఉంటాయి. అరచేతిలో పట్టే టేప్‌రికార్డర్ మీద కూడా వేలల్లో వాట్లు రాసి ఉండేవి. ఒక్క క్షణంలో పదోవంతు కూడా నిలవని శక్తిని లెక్కగట్టి వేసే అంకె అది. అమెరికాలో యాంప్లిఫయర్ల వాట్లను ఎలా కొలిచి చెప్పాలో 1974లోనే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం పెట్టింది. 2024లో దాన్ని సవరించి కొలత పద్ధతిని ఇంకా బిగించింది. అయినా పెట్టె మీద పెద్ద అక్షరాల్లో "1000 వాట్లు" అని కనపడితే అది ఎన్ని స్పీకర్ల మొత్తమో, నిలకడ శక్తో క్షణికమో చూడండి.

నిజానికి చిన్న గదికి ఎంత కావాలి? ఒక మామూలు చిన్న స్పీకర్ ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో 86 డెసిబెల్స్ ఇస్తుందనుకుందాం. రెండు మీటర్లు, అంటే సుమారు ఆరున్నర అడుగులు జరిగితే 6 తగ్గి 80 అవుతుంది. గది గోడల వల్ల నిజంలో అంత కూడా తగ్గదు. వాట్లు రెట్టింపైనప్పుడల్లా 3 డెసిబెల్స్ పెరుగుతాయి. అంటే 2 వాట్లకి 83, 4కి 86, 8కి 89, 16కి 92. మామూలు సంభాషణ 60 దగ్గర ఉంటుంది. 85 డెసిబెల్స్ మోతలో రోజుకి ఎనిమిది గంటలు గడిపితే చెవికి చేటని ఇక్కడి వృత్తి ఆరోగ్య నిపుణుల హెచ్చరిక. ఇప్పుడు చెప్పండి, పదికి పన్నెండు గదిలో వెయ్యి వాట్లతో ఏం చేసుకుంటాం?

ఏది కొనాలి?

డీవీడీ ప్లేయర్‌తో పాటు ఐదు బుల్లి స్పీకర్లు ఒకే పెట్టెలో ఇచ్చే సిస్టమ్‌లు ఒకప్పుడు మనవాళ్ల ఇళ్లలో బాగా కనిపించేవి. వాటి స్థానాన్ని ఇప్పుడు సౌండ్‌బార్లు ఆక్రమించాయి. ఎవరి దగ్గరైనా పాతది తక్కువలో వస్తోందంటే ఒకటి గమనించండి. ఆ బుల్లి స్పీకర్లు చాలావరకు 150 హెర్ట్జ్‌ల కింద చేతులెత్తేస్తాయి. మగవాళ్ల గొంతులోని బరువంతా అక్కడే ఉంటుంది. దాన్ని మూలనున్న సబ్‌వూఫర్ పలకాల్సి వస్తుంది. హీరో తెర మీద, గొంతు సోఫా వెనక!

ఇక మిగిలినవి మూడు దారులు.

మొదటిది సౌండ్‌బార్. అంకెలు చూసి కొనండి. 2.1 అంటే ఎడమ, కుడి, సబ్‌వూఫర్. 3.1 అంటే వాటికి తోడు మాటకోసం విడిగా మధ్య స్పీకర్. చోటు తక్కువ, పెద్దవాళ్లు చూసే ఇల్లు అయితే నా ఓటు 3.1కే. "డైలాగ్" లేదా "వాయిస్" అన్న బటన్ ఉన్నది చూసుకోండి. మధ్య స్పీకర్ స్థాయిని విడిగా పెంచుకునే వీలుంటే ఇంకా మేలు.

రెండోది ఏవీ రిసీవర్, విడి స్పీకర్లు. ఖర్చూ, తీగలూ ఎక్కువ. కానీ ఒకేసారి అన్నీ కొనక్కర్లేదు. ఈ ఏడు ముందు మూడు స్పీకర్లు, వచ్చే ఏడు సబ్‌వూఫర్, ఆ పైన వెనకవి. ఏదైనా చెడితే అదొక్కటే మార్చుకోవచ్చు. సొంత ఇల్లుండి ఇంకో పదేళ్లు కదలని వాళ్లకి ఇది మంచిది.

మూడోది, యాంప్లిఫయర్ లోపలే ఉండే రెండు స్పీకర్ల జత. సినిమాలకన్నా పాటలు ఎక్కువగా వినే ఒకరిద్దరికి, ఎదురుగా కూర్చుని వినేవాళ్లకి ఇది హాయి. ఘంటసాల, సుశీల పాటలకి ఐదు స్పీకర్ల అవసరమే లేదు.

పైకప్పుకి ధ్వనిని కొట్టి కిందికి తెప్పించే అట్మాస్ సౌండ్‌బార్లకి చదునైన, మరీ ఎత్తు లేని కప్పు కావాలి. ఏటవాలు కప్పు ఉన్న ఇంట్లో ఆ డబ్బు దండగ.

గది కూడా వాయిద్యమే

ధ్వని వేగం సెకనుకి దాదాపు 1,130 అడుగులు. దాన్ని గది పొడవుకి రెట్టింపుతో భాగిస్తే ఆ గది ఏ స్వరం దగ్గర గుమ్మంటుందో తెలుస్తుంది. పన్నెండు అడుగులకి సుమారు 47 హెర్ట్జ్‌లు, పది అడుగులకి 56, ఎనిమిది అడుగుల ఎత్తుకి 70. ఈ స్వరాల దగ్గర బేస్ ఒక మూల దంచేస్తుంది, ఇంకోచోట అసలు ఉండదు. యంత్రం మార్చినా గది మారదు గనక సబ్‌వూఫర్ చోటే మార్చాలి. దానికో పాత చిట్కా ఉంది. సబ్‌వూఫర్‌ని మీరు కూర్చునే చోట పెట్టి, బేస్ ఉన్న పాట వేసి, గది అంచుల వెంట వంగి నడవండి. బేస్ ఎక్కడ సమంగా, శుభ్రంగా వినిపిస్తే అక్కడికి దాన్ని జరపండి. పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి.

మూల పెడితే బేస్ పెరుగుతుంది, పక్కింటికీ ఎక్కువ వెళుతుంది. చెక్కతో కట్టిన ఇక్కడి అపార్ట్‌మెంట్లలో గోడలు మాటని కొంత ఆపగలవు గానీ బేస్‌ని ఆపలేవు. రాత్రి తొమ్మిది దాటాక సబ్‌వూఫర్ తగ్గించి, "నైట్" మోడ్ పెట్టండి. అది మోతని తగ్గించి చిన్న ధ్వనిని పైకి తెస్తుంది. పెద్దవాళ్లకి పగలు కూడా అదే సుఖం.

మిగతావి సులువు. స్పీకర్ చెవి ఎత్తుకి దగ్గరగా ఉండాలి. సౌండ్‌బార్‌ని అల్మరా అరలోకి తోసెయ్యకండి. ఎదురుగా గట్టి నేల ఉంటే ఒక తివాచీ పరవండి, గాజు తలుపుకి మందపాటి తెర కట్టండి. సోఫాని వెనక గోడకి అంటించకుండా అడుగైనా ముందుకి లాగండి. వీటికయ్యే ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

ఒకే రిమోట్

టీవీకి సౌండ్‌బార్‌ని హెచ్‌డీఎంఐ తీగతో, "ఏఆర్‌సీ" అని రాసి ఉన్న రంధ్రంలోనే కలపండి. 2009లో వచ్చిన ఈ సదుపాయానికి మెరుగైన రూపం "ఈఏఆర్‌సీ" 2017 నాటి ప్రమాణంలో వచ్చింది. ఆప్టికల్ తీగ కూడా 5.1 మోస్తుంది గానీ రిమోట్ సంకేతాలు మొయ్యదు. హెచ్‌డీఎంఐ అయితే, టీవీ సెట్టింగుల్లో "సీఈసీ" తెరిచి పెడితే, టీవీ రిమోట్‌తోనే రెండూ వెలుగుతాయి, ఆరతాయి, వాల్యూమ్ మారుతుంది. మనం ఇంట్లో లేనప్పుడు మూడు రిమోట్ల మధ్య నాన్నగారిని వదిలేసి వెళ్లడం న్యాయం కాదు.

వెళ్లేటప్పుడు సిస్టమ్‌ని ఇండియాకి పట్టుకెళ్లే ఆలోచన ఉంటే వెనక చీటీ చదవండి. ఇక్కడ 120 వోల్టులు, అక్కడ 230. చీటీ మీద 100 నుంచి 240 దాకా అని ఉంటే ప్లగ్ మారిస్తే చాలు. 120 అనే ఉంటే ఇక్కడే ఎవరికైనా ఇచ్చి వెళ్లండి.

కొనేముందు, కొన్నాక

దుకాణంలోని పెద్ద హాల్లో విన్నది మీ గదిలో వినపడదు. తిరిగి తీసుకునే గడువు ఎంతో అడిగి, ఇంటికి తెచ్చి పరీక్షించండి. పెద్దవాళ్లు ఇదివరకు చూడని సినిమా ఎంచుకోండి, తెలిసిన సినిమా అయితే మాటలు ముందే నోటికొస్తాయి. నలుగురు మాట్లాడుకునే సన్నివేశం పెట్టండి. వాళ్లు రోజూ కూర్చునే చోటే కూర్చోబెట్టి, టీవీకి ఎదురుగా కాకుండా పక్కకి చూడమనండి, పెదవుల కదలిక సాయం లేకుండా. ఏమన్నారో చెప్పమనండి. ఆ జవాబుని మించిన సమీక్ష ఏ పత్రికలోనూ దొరకదు.

అప్పటికీ మాట అందకపోతే లోపం స్పీకర్‌లో లేదు. వినికిడి పరీక్ష చేయించండి. స్వల్ప, మధ్యస్థ స్థాయి లోపం ఉన్న పెద్దలకి వైద్యుడి చీటీ లేకుండానే వినికిడి పరికరాలు అమ్మడానికి ఇక్కడ 2022 అక్టోబర్ నుంచి అనుమతి ఉంది. ఒక చెవిలోనే తగ్గినా, ఉన్నట్టుండి తగ్గినా మాత్రం ఆలస్యం చెయ్యకుండా వైద్యుడి దగ్గరికే తీసుకెళ్లండి. ఇండియాలో ఉండగానే పరీక్ష చేయించుకుని వస్తే ఖర్చూ కలిసొస్తుంది, వచ్చిన మొదటి రోజునుంచీ మనవల మాటలూ వినపడతాయి.

వచ్చే సంచికలో పాత వీడియో క్యాసెట్లలోని పెళ్లి సందడిని కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవడం గురించి చెప్పుకుందాం. ఈలోగా అటక మీది క్యాసెట్ల మీద దుమ్ము దులిపి ఉంచండి.