బొబ్బిలి పేరులో మన షేర్

మన ఇళ్లలో మియా బీవీ కలిసి సఫర్ అంటే షాదీకో, దవాఖానాకో, మహా అయితే దర్గాకో. ఖిల్లాలు చూడటం మన పని కాదనుకుంటాం. అదీ మన పనే అంటాను నేను.

మొన్న మా బేగంతో చీపురుపల్లి నుంచి రాజాం మీదుగా బొబ్బిలి వెళ్లాను. దారి పొడవునా తాటిచెట్లు, చెరువులు, మొక్కజొన్న చేలు. బొబ్బిలిలో రాజావారి కోట, యుద్ధస్తంభం చూశాం. 1757 జనవరి 24న విజయనగరం రాజు పక్షాన వచ్చిన ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు ఇక్కడి పాత ఖిల్లాను కూల్చాయి. దుష్మన్ చేతికి చిక్కకూడదని లోపలి ఆడవాళ్లను, పిల్లలను సొంతవాళ్లే చంపుకున్నారు. "తాండ్ర పాపారాయుడు అందరికీ యాదే. ఆ ఔరతుల పేర్లు ఎవరికి తెలుసండీ?" అంది బేగం. జవాబు లేని సవాల్ అది.

బుస్సీ దివాన్ హైదర్ జంగ్ పేరొక్కటే చెప్పి మనల్ని దుష్మన్ వైపు నిలబెట్టేవాళ్లున్నారు. కానీ ఆ జంగ్ మజహబ్‌ది కాదు, ఇద్దరు రాజుల మధ్య పగ. దానికి నూరేళ్ల ముందు, శ్రీకాకుళం ఫౌజ్‌దార్ షేర్ మహమ్మద్ ఖాన్ వెంట వచ్చిన పెద్దరాయుడు ఇక్కడ ఖిల్లా కట్టి, ఆ 'షేర్' గౌరవార్థం బెబ్బులి అని పేరు పెట్టాడంటారు. అదే బొబ్బిలి అయింది. శ్రీకాకుళం జామియా మసీదు కట్టించిందీ ఆ ఖానే.

ఆ దోస్తీ కూడా తారీఖే. వచ్చే ఇత్వార్ బేగంను, బచ్చాలను తీసుకెళ్లి రెండు కథలూ చెప్పండి.